చిక్కుడు కొత్తకు ముందు

గాసి రెండో ముద్ద మింగిన తర్వాత గాయత్రి బల్ల దగ్గరికి వచ్చింది.

"నాన్నా, అది తినకు," అంది.

"ఏది?"

"మాంసం కింద ఉన్నది. పచ్చది."

గాసి తన చేతివైపు చూసుకున్నాడు. ఫోర్కును మొదట్లోనే పక్కన పెట్టేశాడు. మూడు వేళ్లకు పచ్చటి గుజ్జు అంటుకుని ఉంది.

ఎదురు కుర్చీలో ఆయన భార్య నూకరత్నం ఇంకా ఏమీ తినలేదు. మాంసం ముక్కను చాకుతో రెండుసార్లు కోసి మానుకుంది. పైభాగం మాడింది. కోసిన చోట నుంచి ఎర్రనీళ్లు కారి పళ్లెం అంచుదాకా వచ్చాయి.

"ఏటది?" అని కూతుర్ని అడిగింది.

గాయత్రి తెల్లకోటు కింది గుండీని పట్టుకుని నిలబడింది. ఈ స్టేక్‌హౌస్ వంటగదిలో పెద్ద వంటవాడి తర్వాత ఆమే.

"నిన్నే అడుగుతున్నాను. ఏటది?"

"చిక్కుడు గింజలు."

"పాతవా?"

"కాదు."

నూకరత్నం చాకు కింద పెట్టింది. అది పళ్లేనికి తగిలి చప్పుడైంది. కిటికీ పక్క బల్ల దగ్గర విశాఖ నుంచి వచ్చినవాళ్లు ఒకసారి తిరిగి చూసి, మళ్లీ తమ మాటల్లో పడ్డారు.

గాసి వాళ్ల ఊరు మామిడిగెడ్డలో ఈ ఏడాది చిక్కుడు కొత్త పండగ ఇంకా కాలేదు. పాదుల మీద కాయలు ముదిరిపోతున్నాయి. నలభై రెండు ఇళ్లవాళ్లూ వాటిని ఒలిచి సుంకరమెట్ట సంతకు మోసి అమ్ముకుంటున్నారు. అమ్ముకోవడానికి అడ్డు లేదు, తినడానికే ఉంది. ఊరికి మంచిరోజులు చూసే దిసారి చుక్కల్ని చూసి రోజు చెప్పాలి. ఆ రోజు ఊరి దేవత నిసాని రాయి దగ్గర కోడిని కోసి, మొదటి ముద్ద చనిపోయిన పెద్దలకు పెట్టాలి. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ కొత్త గింజ నోట్లో వేసుకోరు. వేసుకుంటే మామూలు మనిషికి తప్పు పడుతుంది. ఒక మేక, ఒక కుండ జీలుగు కల్లు ఇచ్చి తప్పు దిద్దుకోవచ్చు. దిసారి తింటే దిద్దుబాటు లేదు. దిసారితనం ఆ ఇంటి నుంచి పోతుంది.

మామిడిగెడ్డ దిసారి గాసి. ఆయన తండ్రీ, తాతా, ముత్తాతా దిసారులే.

"ఎన్ని ముద్దలు తిన్నావు?" అంది నూకరత్నం.

"రెండు."

"పెద్దలకి తీసినావా?"

గాసి బల్లమీదికి చూశాడు. తెల్ల గుడ్డ మీద, ఉప్పుసీసా పక్కన, ఉసిరికాయంత ముద్ద ఉంది. పచ్చగానే ఉంది. ఇంట్లో అయితే రోజూ పొయ్యి పక్కన పెట్టేవాడు. ఇక్కడ పొయ్యి ఎక్కడుందో ఆయనకు తెలియదు.

"ఓలమ్మో," అంది నూకరత్నం. "తీసి పెట్టీసినాడు."

అప్పుడే కెవిన్ వచ్చాడు. వడ్డన అంతా చూసే కెప్టెన్ అతను. గాయత్రిని చేసుకుంటానని గాసిని అడిగి ఏడు నెలలైంది. అందుకే వాళ్లను మంచి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నీళ్లు కూడా తనే పోశాడు. మాంసం రాకముందు గాసి అతన్ని మూడు ప్రశ్నలు అడిగాడు. ఇల్లెక్కడ, అక్కచెల్లెళ్లు ఎందరు, చర్చికి ప్రతి ఆదివారం వెళ్తావా అని. ఏడు నెలల్లో అవే మొదటి మాటలు. అడగడమంటే సగం ఒప్పుకున్నట్టేనని నూకరత్నం లెక్క వేసుకుంది. గాయత్రి తండ్రిని కోరింది కూడా అంతే: "ఒక్క పూట నా చేతి వంట తిను. అప్పుడు అవుననుకో, కాదనుకో."

కెవిన్ ఉప్పుసీసా పక్కనున్న ముద్దను చూశాడు. చేతిగుడ్డతో తుడిచేసి, గుడ్డ మడిచాడు.

నూకరత్నం అతని చేతిలోని గుడ్డనే చూసింది.

"ఏమైంది ఆంటీ?" అన్నాడు కెవిన్.

"తుడిసీసినావు."

"ఏం తుడిచాను?"

"మా అత్తమామల ముద్ద."

కెవిన్ గుడ్డవైపు చూశాడు, గాయత్రివైపు చూశాడు. "నాకు తెలీదు. పడిందేమో అనుకున్నా."

"పడలేదు బాబూ," అన్నాడు గాసి. "పెట్టినాను."

"ఏం చెయ్యమంటారు అంకుల్? మళ్లీ అక్కడే పెట్టనా?"

"వద్దు."

"సారీ అంకుల్."

"నీకు తెల్దు కదా. ఒగ్గీ."

గాసి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని గాయత్రికి అనిపించింది.

హోటల్ యజమాని జగన్నాథరావు దూరం నుంచే నవ్వుతూ వచ్చాడు. గాసి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎలా ఉంది సార్ మీ అమ్మాయి వంట?"

"బాగుంది," అన్నాడు గాసి.

"గొర్రె న్యూజిలాండ్‌ది. చిక్కుళ్లు మాత్రం మీ కొండవే. పొద్దున్న అక్కడి నుంచే వచ్చాయి. వేడివేడిగా దంచి వేశాం." ఆయన గాయత్రివైపు తిరిగాడు. "ఇంకోటి చెప్పనా? మీ అమ్మాయి మీ బల్లకి వేరే గింజలు నానబెట్టింది. పోయినేడాదివి, ఎండువి, గోధుమరంగువి. రుచి చూసి నేనే తీయించేశా. కన్న తండ్రికి అవి పెట్టడమేంటి?"

"మంచి పని సేసినారు," అంది నూకరత్నం.

ఆయనకు ఆ గొంతు అర్థం కాలేదు. "మాంసం వదిలేశారే?"

"ఇంకా బతికే ఉన్నాది బాబూ. పాపం అని ఒగ్గీసినాను."

జగన్నాథరావు గట్టిగా నవ్వాడు. రెండు నిమిషాలు ఎక్కువ కాల్చి తెమ్మని కెవిన్‌కు చెప్పి వెళ్లిపోయాడు.

గాసి లేచాడు. ఆ ఉదయం ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. మోచేతి దగ్గర పచ్చటి మరక పడింది. దాన్ని తుడుచుకోలేదు.

"నాన్నా, కూర్చో. అన్నం పెట్టిస్తాను. ఉత్త అన్నం, పప్పు."

"ఆకలి లేదు."

"అమ్మ ఏమీ తినలేదు."

"నాకూ లేదు," అంది నూకరత్నం.

కెవిన్ వాళ్లతోపాటు బయటి మెట్లదాకా వచ్చాడు. ఆటో మాట్లాడి పెట్టాడు. చేతిలో అట్టపెట్టె ఉంది. కాల్చి తెచ్చిన మాంసం అందులో పెట్టించాడు. నూకరత్నం దాన్ని చూసి చేతులు కొంగులోకి లాక్కుంది. ఆటో కదిలాక కూడా అతను పెట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

గాయత్రి వెళ్లలేకపోయింది. ఇంకా ఆరు బల్లలకు వంట మిగిలి ఉంది.

*

మర్నాడు ఉదయం ఏడున్నరకు ఆమె కాఫీ పళ్లు ఎత్తే జీపెక్కి ఊరికి వచ్చింది. మంచు ఇంకా విడలేదు. జీపు దిగిన చోటే ఊరి కుళాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఉన్నారు.

"ఓలె గాయత్రీ, కోటేదే?" అంది ముత్యాలమ్మ. "తెల్లకోటేసుకుని డాక్టరమ్మలా వత్తావనుకున్నాం."

"హోటల్లో ఉండిపోయింది అత్తా."

"మీ అయ్యకేటి పెట్టినావు? రాత్రి నుంచి పలకడం లేదు. పొద్దున్నే గెడ్డకెల్లి తానం సేసొచ్చినాడు, ఈ సలిలో."

గాయత్రి ఇంటివైపు నడిచింది.

గాసి అరుగు మీద లేడు. పెరట్లో కాఫీ పళ్లు ఆరబోసిన టార్పాలిన్ మీద వంగి, పళ్లను చేత్తో తిరగేస్తున్నాడు. కూతుర్ని చూశాడు. పళ్లు తిరగేయడం ఆపలేదు.

లోపల నూకరత్నం పొయ్యి ముందు కూర్చుంది. చోడి అంబలి, రాగిపిండిది, కాగుతోంది.

"తిన్నాడా?" అంది గాయత్రి.

"ఎవులు?"

"నాన్న."

"లేదు. నానూ తినలేదు. నువ్వు తిన్నావేటి?"

"లేదు."

"మరయితే అందరం ఒకటే." నూకరత్నం గరిటె తీసి పక్కన పెట్టింది. "ఇను. ఇయ్యాల మంగ్లు వత్తాడు, రోజు ఎప్పుడని అడగడానికి. సంతరోజే వత్తానన్నాడు, ఏదో పని పడి రాలేదు. మీ అయ్య రోజు సెప్తాడు. నువ్వు ఇక్కడే కూకో. నోరిప్పకు."

"నాన్న తిన్నాడు కదమ్మా."

"ఎవులు సూసినారు?"

"నేను చూసినాను. కెవిన్ చూసినాడు."

"కెవిన్‌కి ఏటి తెల్సు? ముద్దకీ మురిక్కీ తేడా తెల్దు. ఆ షావుకారుకి అసలే తెల్దు. ఇంక నువ్వూ నానూ."

"మరి పెద్దలకి పెట్టిన ముద్ద?"

నూకరత్నం పొయ్యిలోకి కట్టె తోసింది. "అదే నాకు నిద్దర లేకుండా సేసింది. ఆయన పెట్టీసినాడు. పెట్టి తిన్నాడు. అంటే కొత్త అయిపోయినట్టే కదా. ఊరు లేదు, కోడి లేదు, నిసాని లేదు. ఆ హోటల్లో, ఆ బల్ల మీద అయిపోయినాది. ఆళ్లకి పెట్టింది ఎక్కడికెల్లింది? గుడ్డలోంచి ఎక్కడికి?"

ఆ గుడ్డ ఎక్కడ దులిపారో గాయత్రికి తెలుసు. వంటగది వెనక నీలం డబ్బాలో.

"నువ్వు పాతవి నానబెట్టినావని ఆ షావుకారు అన్నాడు," అంది నూకరత్నం, గొంతు తగ్గించి. "నిజమేనా?"

"ముందు రోజే నానబెట్టినాను. పోయినసారి ఇంటి నుంచి పట్టుకెల్లిన గింజలవి."

"మరి ఆయన మార్పిత్తే నీకు తెల్దు. నీ తప్పు లేదు. అదే మీ అయ్యతోటి సెప్పు. నీ మీద మనసు విరిగిపోనాది ఆయనకి."

గాసి లోపలికి వచ్చాడు. చేతులు తుడుచుకుని గడప దగ్గరే కూర్చున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

"నాకు తెలుసు."

"ఏటి తెలుసు?"

"ప్లేటు వెల్తున్నప్పుడే సూసినాను. పచ్చగా ఉన్నాది. మా షావుకారు నా పక్కనే ఉన్నాడు. ఆపుదామనుకున్నాను. ఆపితే ఎందుకంటాడు. మా నాన్న దిసారి, మా ఊళ్లో ఇంకా కొత్త అవలేదు, ఆయన తినకూడదు అని సెప్పాల. అందరి ముందూ సెప్పాల. ఆ వంటగదిలో నేనెవరో ఎప్పుడూ సెప్పలేదు. అరకు అని సెప్పినాను, అంతే." ఆమె గోడకు ఆనుకుంది. "పక్క బల్లలోళ్లు నవ్వుతారనుకున్నాను. నేను ఆలోసించుకునేసరికి నువ్వు తినీసినావు."

నూకరత్నం పొయ్యిలోకి కట్టె తోయబోతూ ఆగిపోయింది.

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

"రుచి నాకు తెల్దేటి?" అన్నాడు గాసి.

"ఏటి?"

"కొత్త గింజ పాల వాసనొత్తాది. నాలికకి తగలగానే తెలుత్తాది. మొదటి ముద్దలోనే తెలిసింది."

"మరి ఉమ్మేయలేదేటి?" అంది నూకరత్నం. "రెండోది ఎందుకు తిన్నావు?"

"ఆ కెవిన్ గుంటడు దూరం నుంచి నా మొకమే సూత్తన్నాడు. మన గుంట తలుపు కాడ నిలబడి సూత్తన్నాది. ఉమ్మితే ఏటనుకుంటారు? ఈ ముసలోడికి మేం నచ్చలేదు అనుకుంటారు." గాసి అరచేతిని మోకాలి మీద రుద్దుకున్నాడు. "మొదటిది తెలీక తిన్నాను. రెండోది తెలిసే తిన్నాను. నచ్చలేదని అనుకోకూడదని తిన్నాను."

గాయత్రి ఏడవలేదు. వంగి తండ్రి పాదం పట్టుకోబోయింది. ఆయన పాదం వెనక్కి తీసుకున్నాడు.

"ముట్టకు," అన్నాడు. "నీ మీద కోపం కాదు. నాను ఇప్పుడేటో నాకే తెల్దు."

*

మంగ్లు ఎనిమిదిన్నరకు వచ్చాడు. ఊరి పెద్ద, గాసికి బావమరిది వరస. అరుగు మీద కూర్చుని చుట్ట తీశాడు, వెలిగించలేదు. తల్లీ కూతురూ లోపల తలుపు వెనక నిలబడ్డారు.

"ఏం బావా, రాత్రి పెద్ద హోటల్లో తిన్నావంట."

"తిన్నాను."

"ఎలాగున్నాది?"

"కాల్సలేదు. ఎచ్చబెట్టినారు."

మంగ్లు నవ్వాడు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. "మా కోడలు అక్కడ గిన్నెలు తోముద్ది కదా. తెల్దేటి నీకు? రెండు వారాలయింది సేరి. మీ పళ్లేలు అదే కడిగింది."

గాసి తల ఎత్తాడు.

"నీ పళ్లెంలో పచ్చది సగమే ఉన్నాదంట. మా సెల్లి పళ్లెంలో అలాగే ఉన్నాదంట. ఇంటికొచ్చి నాకు సెప్పింది. ఇంకెవులికీ సెప్పలేదు. సెప్పొద్దన్నాను."

తలుపు వెనక నూకరత్నం కూతురి ముంజేయి పట్టుకుంది. గిన్నెల దగ్గరి ఆ మనిషి గాయత్రికి లెక్కలోకే రాలేదు.

"మరి సెప్పీ," అన్నాడు గాసి. "తిన్నాను. నాను దిసారిని కాదు ఇంక."

"నువ్వు కాకపోతే ఎవులు? మీ పెదనాన్న మనవడా? ఆడు విశాఖలో టాక్సీ తోల్తన్నాడు. ఆడికి సుక్కలు తెల్దు, ఫోన్లో మేప్ తెల్సు. నిసాని కాడికి కూడా మేప్ ఏసుకుని వత్తాడు." మంగ్లు చుట్టను చెవి మీద పెట్టుకున్నాడు. "బావా, నలభై రెండు ఇళ్లలో పదకొండు ఇళ్లు చర్చికెల్లిపోయినాయి. ఆళ్లు కొత్తకి రారు. ఈ మాట బయటికొత్తే ఇంకో పది ఇళ్లు పోతాయి. దిసారే తినీసినాడు, మనకేటి అంటారు. అప్పుడు కొత్త ఉండదు. నీ ఒక్కడి సంగతి కాదిది."

"మరేటి సెయ్యమంటావు?"

"రోజు సెప్పు. నాను సాటింపు ఏయిత్తాను. మా కోడలు నోరు నాను సూసుకుంటాను."

గాసి కుళాయివైపు చూశాడు.

"ఇంకొకటున్నాది," అన్నాడు మంగ్లు. "గుంట ఆ కొలువు మానెయ్యాల. ఆ చర్చి గుంటణ్ణి మానెయ్యాల. దిసారి కూతురే ఎల్లిపోతే నాను ఎవుల్ని ఆపగలను? ఆ గుంటడు మంచోడే అయుంటాడు. నాకు ఆడితో పేచీ లేదు. ఊరు సూసుకోవాల కదా నాను."

"దానికి ఇరవయ్యారేళ్లు."

"అయితే?"

"నాను సెప్తే ఇంటాదా?"

"నువ్వు నాకు సెప్పు. దాని సంగతి తర్వాత."

ఎదురుగా కుళాయి దగ్గర బిందె నిండి పొంగుతోంది. ముత్యాలమ్మ దాన్ని దించి మరొకటి పెట్టింది. వాళ్లు ఇటువైపే చూస్తున్నారు. దిసారి ఇంటికి ఊరి పెద్ద వచ్చాడంటే ఎందుకో అందరికీ తెలుసు. రోజు కోసం రెండు వారాలుగా ఎదురుచూస్తున్నారు. చంటిపిల్లలున్న ఇళ్లలో కాయలు కంటబడకుండా అటకెక్కించారు.

"వచ్చే బుధారం," అన్నాడు గాసి.

"బుధారం. సరే. మరి రెండోది?"

లోపల గాయత్రి తలుపు మీద చెయ్యి వేసింది. తల్లి పట్టు గట్టిపడింది.

"రెండోది సెప్పు బావా."

"మానేత్తాది," అన్నాడు గాసి.

"రెండూనా?"

"రెండూ."

మంగ్లు లేచి పంచె సర్దుకున్నాడు. చుట్ట వెలిగించడానికి అగ్గిపెట్టె కోసం జేబు తడుముకున్నాడు.

గాయత్రి చేయి విదిలించుకుంది. నూకరత్నం "ఓలె, ఆగు," అని గట్టిగా అనలేకపోయింది. గాయత్రి తలుపు తోసుకుని తండ్రినీ మంగ్లునూ దాటి అరుగు దిగింది. దారికి అడ్డంగా నడిచి కుళాయికి నాలుగడుగుల దూరంలో ఆగింది.

"ముత్యాలమ్మత్తా."

"ఏటే?"

"మా నాన్న కొత్త సిక్కుళ్లు తిన్నాడు. రాత్రి హోటల్లో. వండింది నాను. వచ్చే బుధారం అని రోజు పెడతాడు. ఆ రోజుని నమ్మకండి."

కుళాయి దగ్గర రెండో బిందె నిండి నీళ్లు ఆడవాళ్ల పాదాల మీదికి వచ్చాయి. ఒకామె కొంగుతో నోరు మూసుకుంది.

"ఏటే, సరసాలా?" అంది ముత్యాలమ్మ.

"కాదు."

"పెద్దలకి పెట్టకుండానే తిన్నాడా?"

"పెట్టే తిన్నాడు."

ముత్యాలమ్మ కుళాయి కట్టేసింది. అరుగు మీదున్న గాసివైపు చూసింది. అటు నుంచి కాదన్న మాట వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. ఆమె నిండిన బిందెను అక్కడే వదిలేసి ఊళ్లోకి నడిచింది. మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు కదిలారు.

మంగ్లు గాయత్రి దగ్గరికి వచ్చాడు. చేతిలో అగ్గిపుల్ల ఉంది, గీయలేదు.

"బుద్ధుందా నీకు? నాను ఇప్పుడే ఒడ్డున పడేసినాను మీ అయ్యని."

"నన్ను ముంచి కదా మామా."

"ఒక్క పెళ్లి కోసం ఊరిని కూల్సినావు."

"పెళ్లి కోసమో, ఊరి కోసమో నాకు తెల్దు. తెలిస్తే సెప్తాను."

"ఇప్పుడు నా సేతిలో లేదు," అన్నాడు మంగ్లు. "మద్దినేళకి అందర్నీ పిలవాల. మీ అయ్యని నిలబెట్టి అడగాల. నానే అడగాల." అతను గాసివైపు ఒకసారి చూశాడు. దారి పట్టి వెళ్లిపోయాడు.

గాయత్రి అరుగు దగ్గరికి వచ్చింది. మొదటి మెట్టు ఎక్కలేదు.

గాసి స్తంభాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కోపంగా ఉన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. తల ఎత్తలేదు.

"నాన్నా."

ఆయన ఇంకో చేత్తో అరుగు అంచు పట్టుకున్నాడు.

"నువ్వు నా మాట సెప్పీసినావు. నన్నడక్కుండా సెప్పీసినావు."

"నీకోసం రెండోది మింగినాను," అన్నాడు గాసి, నేలను చూస్తూ. "నా కోసం నువ్వు ఒక్క పూట నోరు మూసుకోలేకపోయినావు."

"రాత్రి మూసుకున్నాను కదా. దానికే ఇదంతా."

ఆయన లేచాడు. స్తంభం పట్టుకునే లేచాడు. లోపలికి వెళ్లి గోడకు తగిలించిన జోలె దించాడు. తండ్రి చేతి నుంచి వచ్చిన తాటాకు కట్ట అందులో ఉంది. రోజులు చూసేది దానిలోనే. దాన్ని తీసి పీట మీద పెట్టాడు. మధ్యాహ్నం ఊరివాళ్లు వస్తే తీసుకువెళ్లడానికి వీలుగా, పీటను గడప వైపు జరిపాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నూకరత్నం తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. లోపలికి చూసింది. బయటికి చూసింది. గాయత్రి మెట్టు దగ్గరే ఉంది, చెప్పులు విడవలేదు.

"ఏఁవయ్యా," అంది నూకరత్నం. "తలుపు ఎయ్యాల. గుంట లోపలా, బయటా?"

గాసి నిద్రపోలేదు. ఆయన వీపు కదులుతోంది.

"నిన్నే అడుగుతున్నాను. లోపలా, బయటా?"